భవిష్యత్తును తట్టి చూసిన మనిషి

పోయిన వారం నా కుట్టుపని దుకాణం ముందు బండలు పరిపించాను. వాన పడితే చాలు, వికారాబాద్‌లో మా వీధి ముందంతా బురదే. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లు చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి వస్తున్నారు. తాండూరు నుంచి నీలి నాపబండలు వచ్చి దిగాయి. మేస్త్రీ మొదటి బండను గోడకు ఆనించి నిలబెట్టగానే నేను పోయి, చూపుడు వేలు మడిచి దాని నడుమ ఒకసారి తట్టి విన్నాను. తర్వాత ఎడమచేతి మూడు వేళ్లు రాతికి ఆనించి ఇంకోసారి తట్టాను.

మేస్త్రీ నవ్వాడు. "ఏందమ్మా, డాక్టరమ్మ లెక్క నాడి పట్టి చూస్తున్నవ్? ఎవలు నేర్పిండ్రు నీకు?"

చెప్పబోయాను. ముందు రెండో బండ తట్టాను. నేర్పినాయన చనిపోయి అప్పటికి ఇరవై రోజులు.

అందరూ ఆయనను చాచా అనేవాళ్లు. తాండూరు నుంచి కరణ్‌కోట పోయే దారిలో ఉన్న ఒక పాలిష్ యూనిట్‌లో ముప్పై ఏళ్లకు పైగా బండలు చూసిన మనిషి. మా అమ్మ కూడా అక్కడే. పాలిష్ యంత్రం కింద నుంచి వచ్చిన బండ మీద తెల్లటి బురద ఉంటుంది. అమ్మ దాన్ని గుడ్డతో తుడుస్తుంది. అప్పుడు చాచా ఒక ఇనుప బోల్టుతో దాన్ని తడతాడు. మంచి బండ ఖంగుమంటుంది. లోపల పగులున్నది దబ్బుమంటుంది, పైకి అద్దంలా మెరుస్తున్నా సరే. మంచిదైతే సుద్దముక్కతో టిక్కు పెడతాడు, పగులుంటే అడ్డంగా కొట్టేస్తాడు, ఎటూ తేలకపోతే సున్నా చుడతాడు. టిక్కు పడ్డదాన్ని అమ్మా, అమ్మ జోడీగా పనిచేసే ఇంకొకామె కలిసి ఎత్తి వరుసలో పెడతారు. చాచా గుర్తు పెట్టాక యూనిట్ యజమాని సేటు కూడా మారు మాట్లాడేవాడు కాదు.

నాకు మాత్రం ఆయన మొదట ఆ గుర్తుల ద్వారానే పరిచయం, మనిషిగా తర్వాత.

నేను పదో తరగతి దగ్గర ఆగిపోయాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, ఎందుకంటే చదువు ఆగలేదు. తాండూరు గ్రంథాలయంలో వ్యవసాయం పుస్తకాల పక్కన ఒక గాజు తలుపుల బీరువా ఉండేది. అందులో ఉన్నవన్నీ రాబోయే కాలం కథలు. తెలుగువాళ్లు రాసినవీ, వేరే భాషల నుంచి తెలుగులోకి వచ్చినవీ. పై అర నుంచి కింది అర దాకా ఒక్కటీ వదలకుండా చదివాను. చాలా పుస్తకాల చివరి పేజీలో ఒక కాగితం ముక్క దొరికేది. దాని మీద పెన్సిల్‌తో టిక్కో, కొట్టివేతో, సున్నానో. అద్దాల గోపురం కింద కట్టిన ఒక మహానగరం కథ చదివి, ఆ నగరంలోనే ఉండిపోవాలనిపించి చివరి పేజీ తిప్పితే, సున్నా కనబడింది. దాని కింద పెద్ద పెద్ద అక్షరాలతో ఒక వాక్యం: "షహర్ మంచిగున్నది. ఎవలు తుడుస్తరు?"

నాకు కోపం వచ్చింది. ఇంత గొప్ప నగరం కట్టినవాణ్ణి ఇదా అడిగేది? ఎవరా అని కాపు కాశాను. మూడో ఆదివారం దొరికాడు. కనుబొమల్లో రాతి పొడి ఇంకా పోలేదు. చేతిలో పుస్తకానికి ఉర్దూ పేపరుతో అట్ట వేసి ఉంది. కొత్త పుస్తకం తీసుకునే ముందు దాన్ని టేబుల్ అంచుకు రెండుసార్లు తట్టాడు, లోపల పగులుందేమోనని చూసినట్టు.

"చాచా, ఈ చీటీలు పెట్టేది నువ్వేనా?" అన్నాను.

"హౌ. నువ్వు చదువుతున్నవా బిడ్డా, గివన్ని?"

"అన్నీ చదివిన. అద్దాల షహర్‌కు సున్నా ఎందుకు పెట్టినవ్? మస్తుంది కదా కథ."

"మస్తే. బండ్లు ఎగురుతున్నయ్, గోడ అన్నం పెడుతున్నది. రెండొందల పేజీలు తిరిగిన గా షహర్‌ల. ఒక్కలన్న చీపురు పట్టుకోని కనవడ్డరా?"

"మరమనుషులు తుడుస్తయేమో."

"మరి మరమనిషిని ఎవలు తుడుస్తరు?" అని, నేను ఎవరి కూతురినో అప్పుడు గుర్తుపట్టి గట్టిగా నవ్వాడు. "మీ అమ్మను అడుగు, చెప్తది. పాలిష్ మిషన్ బండను తుడుస్తలేదు బిడ్డా, మిషన్‌ను కూడ మీ అమ్మనే తుడుస్తున్నది."

ఆ ఒక్క మాటతో నా చదువు మలుపు తిరిగింది. అప్పటి దాకా ఈ రచయితలను జోస్యులనుకున్నాను. ఏది జరిగింది, ఏది జరగలేదు అని టిక్కులు పెట్టుకునేదాన్ని. రాకెట్ పుట్టక ముందే వీళ్లు చంద్రుడి మీద మనిషిని దింపారు. ప్రతి ఇంటి గోడ మీదా ప్రభుత్వం కన్ను ఉంటుందని భయపెట్టారు. ఆ కన్నును ఇవాళ మనమే కొనుక్కుని జేబులో వేసుకుని తిరుగుతున్నాం. కానీ యంత్రాన్ని ముందుగా ఊహించడం వాళ్ల గొప్పతనంలో చిన్న భాగం. ఆ యంత్రం వచ్చిన మర్నాడు ఎవరు ఎవరి మాట వినాల్సి వస్తుంది, ఎవరు వీధిన పడతారు అన్నది చూడగలిగినవాళ్లే పెద్ద రచయితలు. ఈ మాట ఏ విమర్శకుడూ నాకు చెప్పలేదు. బీరువా నిండా చదివి, చాచా చీటీలతో పోల్చి చూసుకుని నేనే తెలుసుకున్నాను.

రచయితలకు ఆయన దగ్గర రెండే పేర్లు: నీలి రాయి, పసుపు రాయి. తాండూరులో దొరికే రంగులు అవే మరి. యంత్రం ఎలా నడుస్తుందో మర మర విప్పి చెప్పేవాళ్లు నీలి రాయి. అది ఇంట్లోకి వచ్చాక మొగుడూ పెళ్లాం ఏం మాట్లాడుకున్నారో రాసేవాళ్లు పసుపు రాయి. "ఏది మంచిది చాచా?" అంటే, "వాకిట్లకు నీలిది, ఇంట్లకు పసుపుది. ఒక్కదాంతోని ఇల్లు కడ్తవా?" అనేవాడు. ఉర్దూ పేపరు అట్ట కూడా అందుకే. చదవడం అయిపోయే దాకా రచయిత పేరు కంట పడకూడదు. "పేరు చూసి కథ మంచిదంటే, స్టిక్కర్ చూసి బండ కొన్నట్టే" అనేవాడు. అందుకే ఇక్కడ ఆ రచయితల పేర్లు రాయడం లేదు. ఆయన పేరూ రాయడం లేదు.

ఒక సాయంత్రం గ్రంథాలయం వరండాలో ఆయన వెనక నుంచి పిలిచాను. పలకలేదు. మూడుసార్లు పిలిచాను. లోపల ఎవరో స్టూలు కింద పడేశారు, అందరం ఉలిక్కిపడ్డాం, ఆయన పేజీ తిప్పుకున్నాడు. ఆయన కూర్చున్న రాతి బల్ల మీద నేను చేత్తో చరిస్తే మాత్రం చటుక్కున తిరిగాడు. నా ముఖం చూసి, దాచడానికి ఇక ఏమీ లేదని తెలుసుకున్నాడు.

"రెండేండ్ల సంది గిట్లనే బిడ్డా. కోత మిషన్ల పక్కన ముప్పై ఏండ్లాయె. ఎడమ చెవి మొత్తం పోయింది. కుడిది కూడ పేరుకే. పెదవులు చూస్తే సమఝైతది."

"మరి బండలు?"

జేబులోంచి బోల్టు తీశాడు. నా ఎడమచేతి మూడు వేళ్లు పట్టుకుని రాతి బల్ల మీద ఆనించి, పక్కన తట్టాడు. గుప్పిట్లో పట్టిన మిడత కొట్టుకున్నట్టు నా వేళ్ల కింద సన్నగా అదిరింది, మెల్లగా పోయింది. తర్వాత మెట్టు దగ్గర పగిలిన ముక్క మీద తట్టాడు. అదురు వచ్చినట్టే వచ్చి నడుమనే తెగిపోయింది.

"చెవుల కంటె గివే నయం. మిషన్ల చప్పుడు వీటికి అడ్డం రాదు. ఎవ్వలకు చెప్పకు. చెవిటోడు బండలు చూస్తున్నడంటే సేటు ఒక్క దినం ఉంచుకోడు."

చెప్పనన్నాను. ఆయన వేళ్లు తప్పు చేయవని నాకు నమ్మకం కుదిరింది. నిజంగానే చేయలేదు, వాటిని రాతి మీద పెట్టనిచ్చినన్నాళ్లు.

మూడేళ్ల కింద ఆ యూనిట్‌కు బండలు చూసే యంత్రం వచ్చింది. పైన కెమెరా, కింద తట్టడానికి చిన్న సుత్తి, పక్కన మైకు. తట్టి, విని, చూసి అదే మంచీ చెడూ చెప్తుందట. కానీ ముందు దానికి ఎవరో నేర్పాలి. ఇంకెవరు, చాచానే. యంత్రానికి నాలుగడుగుల దూరంలో నేల మీద పసుపు గీత గీసి, గీత అవతల కుర్చీ వేసి, చేతికి రెండు బటన్లు ఇచ్చారు. సుత్తి తట్టగానే మంచి బండకు పచ్చది నొక్కాలి, పగులున్నదానికి ఎర్రది. ఒకటే షరతు. మైకు వింటుంటుంది కాబట్టి బండ మీద ఎవరూ చెయ్యి వేయకూడదు.

"చాచా, నీ కుర్సీ కింద నువ్వే గుంత తవ్వుకుంటున్నవ్ పో" అని అమ్మ జోడీ ఆమె ఎగతాళి చేసింది.

ఆయనకు ఆ ఎగతాళి పట్టలేదు. పండగలా ఉన్నాడు. నేను అమ్మకు అన్నం గిన్నె ఇవ్వడానికి పోయినప్పుడు నన్ను కూడా పిలిచి చూపించాడు. "ఇన్నేండ్లు కాగితం మీద చదివిన బిడ్డా. ఇగో, నా ముందటికే వచ్చింది. రాసినోళ్లందరు దీన్ని దుష్మన్ అన్నరు, లేకుంటే నౌకర్ అన్నరు. షాగిర్ద్ అయి వస్తదని నేను చదివిన బుక్కులల్ల ఒక్కలు రాయలే. నాకు షాగిర్ద్ వచ్చింది, చూడు!"

శిష్యుడు దొరికి గురువు అయినందుకు ఆయన ముఖం వెలిగిపోతోంది. నేను ఆ ముఖం చూడటం మాని చేతులు చూశాను. రెండు చేతులూ బటన్ల మీద ఉన్నాయి. రాతి మీద లేవు. నాకు అప్పుడే అర్థమైంది. అయినా మాట్లాడలేదు. మాట ఇచ్చాను కదా అని సర్దిచెప్పుకున్నాను. ఆ తప్పులో నా వాటా అది.

రెండు నెలలు నేర్పించి, తర్వాత చాచాను గీత అవతల ఊరికే కూర్చోబెట్టి యంత్రాన్ని దాని మానాన వదిలారు. మొదటి వారంలోనే యంత్రం మంచిదన్న బండ ఒకటి, అమ్మా జోడీ ఆమె ఎత్తుతుంటే చేతుల్లోనే రెండు ముక్కలైంది. పై వారం ఇంకొకటి. ఈసారి సగం ముక్క అమ్మ కాలి మీద పడి బొటనవేలు చితికింది. సేటు వచ్చాడు. కాలు చూశాడు, ముక్కలు చూశాడు.

"మిషన్ పాస్ చేసిన బండ. మిషన్‌కు నేర్పింది చాచా. చాచా చూసిన బండ ఇన్నేండ్లల్ల ఎన్నడన్న పలిగిందా? మీరే పడేసిండ్రు. రేపటి సంది ఇద్దరు రాకుండ్రి."

చాచా గీత అవతల కుర్చీలోనే ఉన్నాడట. సేటు వీపు ఆయన వైపు ఉంది. పెదవులు కనబడలేదు కాబట్టి సేటు ఏమన్నాడో ఆయనకు తెలియదు.

అమ్మ కుంటుకుంటూ ఇంటికి వచ్చింది. "నేను పడేయలే బిడ్డా, నా చేతులల్లనే పలిగింది" అని అదే మాట పదిసార్లు అంది. నేను నేరుగా గ్రంథాలయానికి పోయాను. చాచా వరండాలో రాతి బల్ల మీద కూర్చుని చదువుకుంటున్నాడు. మాట్లాడితే ఏడుపొస్తుందని, ఒక చీటీ తీసి అడ్డంగా కొట్టేసి, కింద రాశాను: "సేటు అమ్మను రేపటి నుంచి రావద్దన్నాడు. బండ అమ్మే పడేసిందట. ఎవలు తుడుస్తరు?" ఆయన చదువుతున్న పేజీ మీద పెట్టాను.

చదివాడు. మళ్లీ చదివాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. బోల్టును బొటనవేలితో చాలాసేపు రుద్దాడు.

"ఎర్ర బటన్ ఒత్తాల్నంటే సిగ్గయింది బిడ్డా" అన్నాడు చివరికి. "ఎర్రది ఒత్తితే గా ఇంజినీర్ అడుగుతడు, ఎందుకని. ఏమని చెప్పాలె? నాకు వినొస్తేనే కదా. అందుకని కండ్లకు మంచిగ కనవడ్డ ప్రతిదానికి పచ్చ ఒత్తిన. తెల్వకపోతే తెల్వదనకుండ, మంచిదే అనుమని నేర్పిన నా షాగిర్ద్‌కు. గిదీ నేను నేర్పిన ఇల్మ్, గిదీ నా చదువు!"

మర్నాడు పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు. అమ్మను రమ్మన్నాడు. ముగ్గురం యూనిట్‌కు పోయాం. సేటు బయటికి వచ్చి, "వద్దన్న కదా వీళ్లను, మళ్ల తోల్కొచ్చినవేంది చాచా?" అన్నాడు. చాచా గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"సేటూ, నా వెనక నిలవడి నన్ను తిట్టు."

"ఏమైంది నీకు?"

చాచా ముఖం తిప్పలేదు. "తిట్టుండ్రి, ఎవలన్న సరే. నోటికొచ్చింది తిట్టుండ్రి" అని మళ్లీ గోడకే చెప్పాడు.

సేటు బిత్తరపోయి చూస్తున్నాడు. అమ్మ జోడీ ఆమె కూడా అప్పటికే వచ్చి గేటు దగ్గర నిలబడి ఉంది. ఆమెకు ఎవరంటే భయం? "ఓ ముసలోడా! నీ గడ్డం కాలిపోను! నువ్వు నేర్పిన మిషన్ జెయ్యవట్టి నా నోట్ల మన్ను పడ్డదిరో!" అని అరిచింది. అందరూ ఘొల్లుమన్నారు. చాచా కదల్లేదు. భుజం కూడా ఉలకలేదు. నవ్వు ఒక్కొక్కరి దగ్గరా ఆగిపోయింది. కోత యంత్రాల చప్పుడు మాత్రమే మిగిలింది.

కాసేపటికి ఆయనే తిరిగి మా ముఖాలు చూశాడు. "తిట్టిండ్రా? అయితే చూసిండ్రు కదా. మిషన్ తప్పు లేదు. వీళ్ల తప్పు అసలే లేదు. దానికి నేర్పినోడు చెవిటోడు."

సేటు చాచాకు పెదవులు కనబడేలా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. నాకు ఆ మనిషి మీద ఉన్న కోపం సగం అక్కడే పోయింది.

"ముందుగాల్నే చెప్తే ఏమైతుండె చాచా?"

"నువ్వు ఇంటికి పంపుతుంటివి."

"ఇప్పుడు పంపనా?"

"పంపు. కాని షాగిర్ద్‌కు తప్పు నేర్పి పోతే ఉస్తాద్‌కు ఇజ్జత్ ఉండదు. మళ్ల మొదటి సంది నేర్పి పోత. చెవులు ఈమెవి, వేళ్లు నావి." ఈమె అంటే మా అమ్మ.

సేటు అమ్మను, జోడీ ఆమెను మళ్లీ పనిలోకి రానిచ్చాడు. అలా ఆరు వారాలు నేర్పారు. ప్రతి బండనూ రెండుసార్లు తట్టారు. మొదటిసారి ఎవరూ ముట్టుకోకుండా, అమ్మ వినడానికి. రెండోసారి చాచా మూడు వేళ్లు ఆనించి. ఇద్దరి మాటా కలిస్తే బటన్. కలవకపోతే? అక్కడే చాచా పేచీ పెట్టాడు. మూడో బటన్ కావాలన్నాడు, పసుపుది, "తెల్వదు" అని చెప్పడానికి. మంచిదో చెడ్డదో రెండే చెప్పాలి, యంత్రానికి అంతకు మించి అక్కర్లేదన్నాడు హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజినీరు.

"నాకు కూడ అక్కర్లేదనుకున్న సారూ. ఆమె కాలు చూడుండ్రి" అన్నాడు చాచా.

మూడో బటన్ వచ్చింది. సుద్దముక్కతో ముప్పై ఏళ్లు పెట్టిన సున్నానే అది. ఇప్పుడు యంత్రం తేల్చుకోలేని బండల మీద పసుపు చుక్క వేసి పక్కకు పంపుతుంది. వాటిని ఒక మనిషి తట్టి చూడాలి. ఆ మనిషి మా అమ్మ. చాచా పని మానేసిన రోజు తన బోల్టు అమ్మ చేతిలో పెట్టి పోయాడు.

నేను వికారాబాద్ వచ్చేశాక కూడా నెలకు రెండు ఆదివారాలు రైలెక్కి తాండూరు గ్రంథాలయానికి పోయేదాన్ని, సగం పుస్తకాల కోసం, సగం ఆయన కోసం. ఒకసారి అడిగాను, "చాచా, ఇన్ని చదివినవ్ కదా, నువ్వే ఒక కథ రాయరాదు?"

"రాసిన కదా" అన్నాడు, నేను అడగడమే వింత అన్నట్టు. "మూడు బటన్ల కథ. దినాం చదువుతనే ఉన్నది కదా మీ అమ్మ."

మేస్త్రీకి ఇదంతా చెప్పలేదు. "మా ఊరి పెద్దాయన ఒకరు నేర్పిండు" అన్నాను, అంతే. ఆయన బండలు ఒక్కొక్కటే పరుస్తూ, ఒకదాన్ని తిప్పి వెనక చూసి ఆగాడు.

"గిదొక్కదాని మీద పసుపు సుక్క ఉన్నదమ్మా. కడమవాటి మీద పచ్చయే. పక్కకు పెడ్దునా?"

వంగి చూశాను. పసుపు చుక్క కింద సుద్దతో ఒక టిక్కు, తోక బాగా పొడుగ్గా. పెద్దయ్యాక రాయడం నేర్చుకున్న చెయ్యి. మా అమ్మ చెయ్యి.

"వద్దు. దాన్నే గడప ముందట వెయ్యి" అన్నాను.

సాయంత్రానికి పని అయిపోయింది. సందుల్లో సిమెంటు పోసి, బండల మీదంతా తెల్లటి మరకలతో వదిలి, మేస్త్రీ తాపీ కడుక్కున్నాడు.

"ఒక గంట ఆగి తడిగుడ్డతోని తుడవాలమ్మా, లేకుంటే మరకలు పడ్తయ్. ఎవలు తుడుస్తరు?"

నేను నవ్వడం చూసి ఆయన వింతగా చూశాడు.

"నేనే" అని, గుడ్డ తడపడానికి లోపలికి పోయాను.